రిబ్బను తప్పేం లేదు

ఏప్రిల్ 7

అత్తయ్యా,

ఈ కవరు చూడగానే "దీనికి ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా!" అనుంటావు. అనేశావు కదా, ఇక చదువు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే "ఆ, బాగున్నా... ఆ, తిన్నా" అంటూ నేను అడగని వాటికి జవాబులు చెప్పి పెట్టేశావు. ముప్పై ఏళ్ళు ఆ ఫ్యాక్టరీలో మట్టి కలిపే మర పక్కన నిలబడి చెవులు దానికే అప్పగించావు. నీతో మాట్లాడాలంటే ఉత్తరమే గతి. దీంతోపాటు చిన్న డబ్బాలో చెవి మిషను పంపుతున్నాను. బ్యాటరీ వేసే ఉంది. పెట్టుకో. లేకపోతే నాన్నకి చెబుతాను. నువ్వు మీ అన్నయ్య మాట కూడా వినవనుకో, అది వేరే సంగతి.

కొత్త ఉద్యోగంలో చేరి నెలయింది. రెండో అంతస్తు, మూడు బల్లల గది, కిటికీ పక్క బల్ల నాది. పని ఏమిటంటే, పౌడరు కంటే మెత్తటి సిరామిక్ పొడిని ద్రవంలో కలిపి ప్రింటర్‌లో పోసే ఇంకులా చెయ్యాలి. ఆ ప్రింటర్ మూతికి నూట ఇరవై ఎనిమిది రంధ్రాలున్నాయి. ఒక్కోటి తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. పొడి ముద్ద కట్టకూడదు, అడుగున పేరుకోకూడదు, రంధ్రం దగ్గర ఎండిపోకూడదు. చుక్క గుండ్రంగా పడాలి. తోకతో పడితే ఆ తోక తెగి పిల్ల చుక్కలై పక్కన పడి అంతా పాడుచేస్తుంది. దేనిమీద ముద్రిస్తామో, ఎందుకో బయట చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. నీకు కూడా చెప్పకూడదట. నువ్వెవరో వాళ్ళకి తెలియదు పాపం.

చిక్కేమిటంటే, కలిపిన రోజు నా ఇంకు పాలలా ఉంటుంది. మూడో రోజుకి చిక్కబడుతుంది. జూన్ 20న పరీక్ష. ఎనిమిది గంటలు ఆగకుండా ప్రింటర్ నడవాలి. ఐదు కంటే ఎక్కువ రంధ్రాలు మూసుకుపోతే ఈ బల్ల ఇంకొకరికి ఇచ్చి, నన్ను కింద తూకాల గదిలో వేస్తారు. మా పై అధికారికి గడియారం గారని పేరు పెట్టుకున్నాను. ఆయన అన్నది అన్న నిమిషానికి చేస్తారు.

మీ కప్పుల ఫ్యాక్టరీలో ఆ మట్టి నీళ్ళ స్లిప్పు చిక్కబడితే నువ్వేం చేస్తావు? నాకు తొమ్మిదేళ్ళప్పుడు సెలవులకి వచ్చి, ఆ తొట్టిలో నా ఎర్ర రిబ్బను పడేసి తొట్టెడు స్లిప్పూ పాడుచేశాను కదా, అది మాత్రం బాగా గుర్తుంది. ఇప్పటికీ పనిలోకి జుట్టు గట్టిగా ముడేసుకుని, టోపీ పెట్టుకునే వెళ్తాను.

నీ పోరు పడలేక పెద్దదైన,
మేనకోడలు


ఏప్రిల్ 16

ఓసి బుడంకాయా,

అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను. రంగుల గది కుంచె వదిన పక్కనే ఉండి నవ్వింది.

చెవి మిషను అందింది. చింతగింజంత ఉంది. పోతుందేమోనని గరిటెల సొరుగులో భద్రంగా పెట్టాను. నాన్నకి చెప్తానని బెదిరిస్తావా? మీ నాన్న చిన్నప్పుడు నా పలక పగలగొట్టి నా మీదకే నెట్టిన మనిషి, ఆయనకి నేను భయపడతానా? ఎడమ దవడ పన్ను సగం విరిగి ఏడాదిగా కుడి పక్కనే నములుతున్నాను. అది చూపించుకోమని కూడా ఆయన పోరుతూనే ఉన్నాడు. పన్నుకే వెళ్ళనిదాన్ని చెవికి వెళ్తానా?

నీ తోక చుక్కల సంగతి చదివి మా గదిలో అందరికీ చెప్పాను. మా పనీ అదేగా! మట్టిని నీళ్ళలో చిలికి, స్లిప్పు చేసి, కప్పుల అచ్చుల్లో పోస్తాం. కాకపోతే మాది తొట్టి, నీది వెంట్రుక రంధ్రం. మనింట్లో ఇద్దరం మట్టి నీళ్ళు కలిపి బతికేవాళ్ళమే అయ్యాం. ఎంత సంతోషమేసిందో నీకు చెప్పలేను.

చిక్కబడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. కానీ అది ఒక్క ముక్కలో తేలదు. దాంట్లో నీకు నేను ఇన్నేళ్ళుగా చెప్పని సంగతి కూడా ఒకటుంది. వచ్చే ఉత్తరంలో కూర్చుని వివరంగా రాస్తాను. ఇప్పుడు బట్టీ తలుపు తీస్తున్నారు, నేను లేకపోతే అడ్డదిడ్డంగా దించుతారు.

ఇంతకీ నీ ఇంకు ఏ రంగు? ఎవరి కోసం? నిన్న ఇద్దరు మనుషులు టేపు పట్టుకొచ్చి మా ఎదురు రంగుల గది కొలిచి వెళ్ళారు. గోడ నుంచి గోడకి, కిందనుంచి పైకి. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ గదిలో ఏడుగురు ఆడవాళ్ళు కప్పు అంచున నీలం గీత వేస్తారు, నీకు గుర్తుందిగా. కుంచె వదిన ఊపిరి బిగబట్టి కప్పుని ఒక్క చుట్టు తిప్పిందంటే, గీత ఎక్కడ మొదలై ఎక్కడ కలిసిందో పుట్టించినవాడు కూడా చూపించలేడు.

ముద్దులతో,
నీ అత్తయ్య


ఏప్రిల్ 29

అత్తయ్యా,

గరిటెల సొరుగా! దానికి చెవులుంటాయని ఎవరు చెప్పారు నీకు?

రంగు చెప్పలేను. ఎవరి కోసమో కూడా చెప్పలేను. ఒక్క మాట మాత్రం చెప్పొచ్చనుకుంటా. ఇన్నాళ్ళూ ఆ వస్తువుని మనుషులు చేత్తో దిద్దేవాళ్ళట. కళ్ళజోడు పెట్టుకుని, సన్న కుంచెతో, ఒక్కొక్కటీ. ఇకమీదట అంతా ప్రింటరే చేసేస్తుందట. గడియారం గారు ఈ మాట రోజుకి మూడుసార్లు చెప్పి మురిసిపోతారు. నాకూ గొప్పగానే ఉంది.

ఇంకు మాత్రం మాట వినడం లేదు. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా ఒక మందు వేస్తాం. దాన్ని విడదీసే మందు అనుకో. చిక్కబడినప్పుడల్లా ఇంకో చుక్క వేస్తున్నాను. వేసిన గంటలో పలచబడుతుంది, నేను సంబరపడతాను, రెండు రోజులకి మునుపటి కంటే చిక్కబడుతుంది. మళ్ళీ చుక్క. నాకు తెలుసు, మందులో లోపం లేదు. ఎక్కడినుంచో నూలుపోగులు, వెంట్రుకలు పడుతున్నాయి. నీ తొట్టిలో నా రిబ్బను పడ్డట్టే. అందుకని మూడుసార్లు వడకడుతున్నాను. కిటికీ మూయించాను. గదిలో అందరికీ టోపీలు తప్పనిసరి చేశాను. గడియారం గారికి నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, అయినా పెట్టించాను. ఆయన అద్దంలో చూసుకుని వెళ్ళిపోయారు.

నీ వివరమైన ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నాను. ఆ చెప్పని సంగతేమిటి? నిద్ర పట్టడం లేదు.

టోపీల
మేనకోడలు


మే 8

అమ్మాయికి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. పని మామూలే.

చిక్కబడితే ఏం చెయ్యాలో నాకు అంతగా తెలియదు. మాది మట్టి, నీది మందులూ ప్రింటర్లూ. పెద్ద చదువులు చదివిన వాళ్ళున్నారుగా, వాళ్ళనే అడుగు.

ఆరోగ్యం జాగ్రత్త.

అత్తయ్య


మే 17

అత్తయ్యా,

"అమ్మాయికి" అట! నేను పుట్టినప్పటినుంచీ నువ్వు నన్ను బుడంకాయ అనకుండా పిలిచింది రెండేసార్లు. ఒకటి నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు. రెండోది ఇప్పుడు.

తప్పు నాదే. ఆ చెవి మిషను పంపకుండా ఉండాల్సింది. ముందు నిన్ను ఒక మాట అడగాల్సింది. ముసలిదానివయ్యావని నేను అన్నట్టే అనిపించి ఉంటుంది నీకు. పైగా నాన్నకి చెప్తానని బెదిరించాను, గరిటెల సొరుగు అని ఎగతాళి చేశాను. దాన్ని వెనక్కి పంపెయ్యి అత్తయ్యా, నేనేమీ అనుకోను. నువ్వు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా నేను ఉత్తరాలే రాస్తాను.

ఇక్కడ సంగతులు బాగాలేవు. నిన్న సగం రోజు ప్రింటర్ నడిపి చూశాం. భోజనం టైముకే నలభై రంధ్రాలు మూసుకుపోయాయి. నేను మూతి విప్పి, భూతద్దం పెట్టి పోగు కోసం వెతికాను. పోగూ లేదు, వెంట్రుకా లేదు. గడియారం గారు నా పక్కన నిలబడి టోపీ తీసి బల్ల మీద పెట్టారు. అరిచినా బాగుండేది. తూకాల గదిలో ఖాళీ ఉందని ఎవరో మెట్ల మీద అనుకుంటుంటే విన్నాను.

తూకాల గది చెడ్డదేం కాదు. కానీ ఈ బల్ల దగ్గరికొచ్చాక మొదటిసారి నాకు నీలా పని చేస్తున్నాననిపించింది. చిన్నప్పుడు నువ్వు స్లిప్పులో చెయ్యి ముంచి తీసి, వేళ్ళ మీంచి జారేది చూసి "ఇవాళ బాగుంది" అనేదానివి. నేను కూడా పొద్దున్నే సీసా వంచి అలాగే చూస్తున్నాను. అది పోతుందంటే ఏడుపొస్తోంది.

కోపం తగ్గాకే రాయి. కానీ తగ్గించుకో.

నీ బుడంకాయ


మే 26

ఓసి పిచ్చి బుడంకాయా,

నీ ఉత్తరం చదివి కప్పులు ఎండబెట్టే చెక్క మీద కూర్చుండిపోయాను. రెండు కప్పులు విరిగాయి కూడా. చెవి మిషను మీద నాకు కోపమేమిటే? నువ్వు పంపిందాని మీద నాకెప్పుడైనా కోపమొచ్చిందా?

ఉన్నది ఉన్నట్టు చెప్తాను, విను. నువ్వు ఇంకు అన్నావు. మనుషులు సన్న కుంచెతో ఒక్కొక్కటీ దిద్దేది ఇక ప్రింటరే చేసేస్తుందన్నావు. ఇక్కడేమో టేపులు పట్టుకుని రంగుల గది కొలిచారు. ఇంకేం కావాలి? నీ ఇంకు మా కప్పుల మీద నీలం గీత వెయ్యడానికే అని నాకు తేలిపోయింది. ముప్పై ఏళ్ళు నా ఎదురుగా కూర్చున్న ఏడుగురి పని తీసేసే ఇంకుకి నేనే ఉపాయం చెప్పాలా అనుకున్నాను. అందుకే తెలియదని రాశాను. అబద్ధం. రాసిన దగ్గర్నుంచీ అన్నం సహించలేదు.

నీ రెండో ఉత్తరం కుంచె వదినకి చూపించాను. ఇది నీ పని పోయే ఇంకు అని కూడా చెప్పాను. ఆవిడ కాసేపు కుంచె కడుగుతూ కూర్చుంది. తర్వాత, "మనం ఇక్కడ ఏడుగురం ఉన్నాం, ఏదో ఒకటి చూసుకుంటాం. ఆ పిల్ల అక్కడ ఒక్కత్తే కదా. రాసెయ్" అంది.

అందుకని రాసేస్తున్నాను.

నీ రిబ్బను తప్పేం లేదు. అది పైన తేలుతుంటే రెండు వేళ్ళతో తీసి పారేశాను. ఆ తొట్టి పాడయింది రిబ్బను వల్ల కాదే, నీ చెంచా వల్ల! ఆ రోజు స్లిప్పు ముద్దగా ఉంటే, నీ చేత పలచన చేసే సిలికేటు మందు ఒక చెంచా వేయించాను. నీ కళ్ళముందే పాలలా జారిపోయింది. నువ్వు చప్పట్లు కొట్టావు. నేను అచ్చులు చూడడానికి అటు వెళ్ళేసరికి, ఇంకా బాగా జారుతుందని నాలుగు చెంచాలు వేసేశావు. తిరిగొచ్చి చూస్తే తొట్టెడూ పెరుగులా బిగుసుకుపోయింది. అది అంతేనే. మొదటి చెంచా పలచన చేస్తుంది, దాని హద్దు దాటితే తిరిగి చిక్కన చేస్తుంది. ఆ మందుకి అదే గుణం.

సూపర్‌వైజరుకి "నా చెయ్యి జారింది" అని చెప్పాను. నువ్వు మూల నిలబడి వణుకుతున్నావు. నీ చేతులతో పాడయిందని తెలిస్తే మళ్ళీ తొట్టి దగ్గరికి రావేమోనని, రిబ్బను పడిందిలే అన్నాను. తప్పు రిబ్బనుదైతే దాన్నే తిట్టుకుంటావుగా! ఆ అబద్ధం ఇరవై ఏళ్ళు నీతో తిరిగి, చివరికి ఒక బట్టతల పెద్దమనిషికి టోపీ పెట్టిస్తుందని నేనేమైనా కలగన్నానా?

ఇప్పుడు నువ్వు చేస్తున్నదీ అదే. చుక్క మీద చుక్క. ఉన్న ఇంకంతా పక్కన పెట్టు, దానికి ఇక మందు లేదు. కొత్తగా కలుపు. పది గ్లాసులు వరసగా పెట్టుకో. మొదటిదాంట్లో ఒక చుక్క, రెండోదాంట్లో రెండు, అలా పది దాకా. వేసిన గంటకే చూసి ఎగరకు. కదపకుండా మూడు రోజులు వదిలెయ్. తర్వాత ఒక్కొక్కటీ వంచి చూడు. ఎక్కడ అన్నిటికంటే పలచగా జారుతుందో అక్కడ ఆగు. దాని ముందరి గ్లాసే ఇంకా మంచిది. చెయ్యి కాస్త జారినా హద్దు దాటవు.

నీ చేతుల్లో లోపం లేదు తల్లీ. చెప్పనిదాన్ని నేను.

నీ అత్తయ్య


జూన్ 22

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా,

రెండు! ఎనిమిది గంటలకి నూట ఇరవై ఎనిమిదిలో రెండే రెండు మూసుకుపోయాయి!

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను, ఆ తర్వాత పది గ్లాసులు పెట్టాను. మూడో రోజు గడియారం గారిని పిలిచి వరసగా వంచి చూపించాను. ఒకటోది ముద్ద. నాలుగోది పాలు. ఐదోది అంతకంటే బాగుంది. ఏడు నుంచి మళ్ళీ జిగురు. పదోది గ్లాసు తలకిందులు చేసినా కదల్లేదు. నేను ఇన్నాళ్ళూ ఆ పదో గ్లాసుకి కూడా అవతల ఉన్నాను! రేణువుల మీద మందుకి చోటు నిండిపోతే, మిగిలినది ద్రవంలో ఊరికే తిరుగుతూ వాటిని మళ్ళీ గుంపులు కట్టిస్తుందట. ఆయన బోర్డు మీద బొమ్మ వేసి అరగంట చెప్పారు. "ఇది నీకెలా తట్టింది?" అని అడిగితే, "మా అత్తయ్య తొట్టిలో నేర్పింది, కాకపోతే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చెప్పింది" అన్నాను. నాలుగో గ్లాసు కొలతతోనే చేశాను. బల్ల నాదే. టోపీ కూడా ఉంచుకుంటానన్నారాయన, తలకి చల్లగా ఉందట.

ఇప్పుడు అసలు సంగతి. పరీక్ష గెలిచాం కాబట్టి ఏం చేస్తామో రాసి నిన్న వాకిట్లో బోర్డు పెట్టేశారు, ఇక చెప్పొచ్చు. నా ఇంకుకి రంగే లేదత్తయ్యా, తెల్లగా ఉంటుంది. కప్పు మీద వేసేది కాదు. పొర మీద పొర ముద్రించి, బట్టీలో కాల్చి, పళ్ళు చేస్తాం. పళ్ళు! నీ ఎడమ దవడలో విరిగింది చూడు, సరిగ్గా అలాంటివాటికి. నువ్వు ఏడాదిగా నమలనిదాని కోసమే నేను తంటాలు పడుతుంటే, నువ్వు కూర్చుని కుంచె వదినని కాపాడుతున్నావు.

"అంతా ప్రింటరే" అని నేను రాసింది కూడా ఎగిరిపడి రాసిన మాటే. పళ్ళు దిద్దేవాళ్ళు ఇద్దరు ఇక్కడే పనిచేస్తున్నారు. ప్రింటర్‌లోంచి వచ్చిన పన్నుని పక్క పన్నుతో కలిసేలా చివరికి రంగు సరిచేసేది వాళ్ళ కుంచే. అది లేకపోతే బాత్‌రూం టైలులా ఉంటుంది.

తన పని పోతుందనుకుంటూ కూడా "రాసెయ్" అన్న మనిషికి ఏమని రాయాలో నాకు తెలియడం లేదు. అందుకని ఒకటి పంపుతున్నాను. పరీక్ష చివరి గంటలో, గడియారం గారిని అడిగి, బొటనవేలి గోరంత కప్పు ఒకటి ముద్రించాను. అది ఆవిడకే. పట్టుకునే చెవి సరిగ్గా రాలేదు, విరిగిపోయింది. నవ్వకండి.

నాలుగో గ్లాసు
బుడంకాయ


జులై 3

బుడంకాయా,

నవ్వాం. చెవి లేని కప్పుని పంపి నవ్వొద్దంటే ఎలా?

చెవి అంటే గుర్తొచ్చింది. నీ ఉత్తరం రాగానే గరిటెల సొరుగు తీసి చెవి మిషను పెట్టుకున్నాను. మొదటి రోజు పెట్టిన పాపానికి మట్టి మర చప్పుడుకి గుండె ఆగినంత పనయింది. దీని పక్కనా నేను ముప్పై ఏళ్ళు నిలబడ్డానని! రెండో రోజు రంగుల గదిలో కూర్చుంటే, కుంచె వదిన గీతకీ గీతకీ మధ్య కూనిరాగం తీస్తుందని తెలిసింది. శ్రుతి లేదు. పాడడం మానేస్తుందేమోనని ఆవిడకి చెప్పలేదు.

మూడో రోజు ఆ టేపు మనుషులు మళ్ళీ వచ్చారు. ఈసారి దగ్గరికి వెళ్ళి నిలబడి చెవులారా విన్నాను. గోడకి పొగ లాగే ఫ్యాను పెడతారట. రంగు వాసనకి వీళ్ళు తుమ్ముతున్నారని మేనేజరే తెప్పించాడట. రెండు నెలలు ఒక ఫ్యానుకి భయపడ్డాను, దాని కోసం నీతో ముభావంగా కూడా ఉన్నానే! నిజంగా మెషీన్ వచ్చే రోజు వస్తే రానీ, అప్పుడు చూసుకుంటాం. అప్పుడు కూడా నిన్ను "అమ్మాయికి" అని మాత్రం రాయను. ఒట్టు.

పన్ను చూపించుకున్నాను. డాక్టరు, తొడుగు వెయ్యాలి అన్నాడు. "ఆగండి, మా మేనకోడలి ఇంకు వచ్చేదాకా ఇంకో పక్క నములుతాను" అని చెప్పి వచ్చేశాను. తొందరగా కానివ్వు.

నీ కప్పుని కుంచె వదిన చాలాసేపు వెలుతురుకి పట్టి చూసింది. "ఎక్కడా అతుకు లేదే" అంది. ఆవిడ నోట ఆ మాట రావడం ఎంత గొప్పో నీకు తెలియదు. తర్వాత అందరినీ నోరు మూసుకోమని, ఉన్నవాటిలో సన్న కుంచె తీసి, ఊపిరి బిగబట్టి గీత మొదలెట్టింది. సగం చుట్టు తిరిగిందో లేదో, ఇది పళ్ళు చేసే ఇంకు, ఈ గీత నా పంటి మీద వేస్తున్నట్టే అని అప్పుడు చెప్పాను. అంతకు ముందు చెప్పలేదు మరి, సమయం రావాలి కదా.

బట్టీలో కాల్చి నీకే తిరిగి పంపుతున్నాం. తన దగ్గరుంటే పోతుందట, నీ కిటికీ పక్క బల్ల మీద ఉండాలట. తిప్పి చూడు. నీలం గీత చుట్టూ సన్నగా ఉంటుంది, ఒక్కచోట మాత్రం కాస్త లావయింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ గీతలో తప్పు దొరికింది. అక్కడే ఆవిడ నవ్వింది.

నీ అత్తయ్య